ఏమో దండుకు ముద్దలు కట్టిన తిప్పక్క

కొండలకింకా ఎవరూ పేర్లు పెట్టని కాలం. ఒక రాజు. ఆయనకు ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి, కాల్బలం బోలెడుంది. ఉండి ఏం లాభం? శత్రువు కోట ఎదుటి కొండ మీద. ఏనుగు చరియ ఎక్కదు కదా!

అందుకని రాజు నలభై మందిని ఏరి వేరే దండు కట్టాడు. తాడు పట్టి చరియ ఎక్కాలి. ఆకు కదలకుండా నడవాలి. కన్నతల్లి అడిగినా సరే, "ఏమో" అనాలి. అలా అని ప్రమాణం చేశారు. జనం దాన్ని ఏమో దండు అన్నారు.

ఆ దండుకు రాగిసంగటి వండేది తిప్పక్క. ఒకరోజు దండు బయల్దేరింది.

"ఎంతమంది పోతాండారు నాయనా?"

"ఏమో."

"యా దావన?"

"ఏమో."

"ఎప్పుడొస్తారు?"

"ఏమో."

"నా తలకాయ! ఏమోకు ఎన్ని ముద్దలు కట్టల్లరా?"

తిప్పక్క వాళ్ల భుజాల మీది తాళ్లు చూసింది. గుర్రాలు విప్పలేదని చూసింది. మనిషికి మూడు ముద్దలు కట్టింది.

"మూడోది ఎల్లుండికి. ముందే మింగేరు!"

నాయకుడు ఉలిక్కిపడ్డాడు. "నీకెవరు చెప్పినారక్కా?"

"ఏమో" అంది తిప్పక్క.

మర్నాడు శత్రు సేనాని వంటపాక మీద పడ్డాడు. చరియ సంగతి తెలిస్తే పైనుంచి తాళ్లు కోయించేస్తాడు. నలభై మందీ లోయపాలు.

"ఎంతమంది పోయారు?"

"ఏమో."

"ఏ దారిన?"

"ఏమో."

సేనాని తికమకపడ్డాడు. పిచ్చిదా? గడుసుదా? కత్తి తీసి ఆమె మెడ మీద పెట్టాడు.

"ఎప్పుడొస్తారు?"

తిప్పక్క చేతిలో తెడ్డు దించలేదు.

"ఏమో."

కత్తి మెడలో దిగింది.

మూడోనాడు కోట గెలిచి నలభై మందీ దిగొచ్చారు. నాయకుడు తన మూడో ముద్ద విప్పలేదు. చల్లారిన పొయ్యి గట్టు మీద పెట్టాడు.

రాజు ఆమె పేరు రాయమన్నాడు. ఎందులో రాయాలి? ఏనుగుల పట్టీలోనా? గుర్రాల పట్టీలోనా? ఏమో దండులోనా? ఆమె ప్రమాణం చేయలేదే! మంత్రులకు పాలుపోలేదు. ప్రమాణం చేసినవాళ్లనేమో ఎవరూ మెడ మీద కత్తి పెట్టి అడగలేదు. మరి దండంటే ఎవరు? తాడు పట్టినవాళ్లా, తెడ్డు పట్టినదా? చెప్పండి, మీకేమైనా తెలిస్తే. పట్టీలో ఆమె పేరు రాయాల్సిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

ఈనాటికీ ఆ దండు బయల్దేరేముందు అందరికీ ముద్దలు కట్టి, ఇంకొకటి పొయ్యి గట్టు మీద పెడతారు. కొత్తగా చేరినవాడు అడుగుతాడు.

"ఇదెవరికన్నా?"

దండంతా ఒక్క గొంతుతో అంటుంది:

"ఏమో."