నూకాలు చేతి స్కోను రొట్టె

అనగా అనగా, సముద్రం ఒడ్డున ఒక రేవు ఊళ్ళో, పైడమ్మ అని ఒక పూటకూళ్ళమ్మ ఉండేది. ఆ ఊరికి ఓడలు వచ్చేవి. ఓడ దిగినవాళ్ళకి ఆకలేసేది. ఆకలేసినవాళ్ళంతా పైడమ్మ ఇంటికే వచ్చి, కడుపునిండా తిని పోయేవాళ్ళు. "నా అరుగెక్కినోడు ఆకలితో దిగడు" అని పైడమ్మ గొప్పగా చెప్పుకునేది. ఊఁ కొట్టు మరి అమ్మడూ, నువ్వు ఊఁ కొట్టకపోతే కథ కదలదు.

ఆ పైడమ్మకి ఒక కోడలు ఉంది. పేరు నూకాలు. మంచి పిల్లే, కానీ దానిది తేలిక చెయ్యి. చింతపండు పిసికితే పులుపు దిగేది కాదు. పూరీ పిండి కలిపితే ముద్ద సాగేది కాదు. అరిసెలకి దంచమంటే రోట్లో బియ్యం బియ్యంగానే ఉండేవి.

పైడమ్మ చెయ్యి అలాంటిది కాదు. ఆవిడ పిండి పిసికితే కింద పీట కిర్రుమనేది. అందుకని కోడల్ని పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. నీళ్ళు తోడు, కూరలు తరుగు, విస్తళ్ళు ఎత్తు, అంతే. "నీది పిండి పిసికే చెయ్యి కాదే, పసిపిల్లని జోకొట్టే చెయ్యి" అని దెప్పేది. నూకాలు నవ్వి ఊరుకునేది. లోపల మాత్రం దానికి చివుక్కుమనేది. చివుక్కుమనదూ మరి? నిన్ను రోజూ అంటే నువ్వు ఊరుకుంటావా?

నూకాలుకి అమ్మ లేదు. అయ్య ఉన్నాడు కానీ కళ్ళముందు లేడు. కూలిపనికని రంగూన్ ఓడెక్కి వెళ్ళాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే ఉన్నాడు, కబురూ లేదు, కాకరకాయా లేదు. అందుకే రేవులో ఎవరు దిగినా నూకాలు బిందె పక్కన పెట్టి వాళ్ళ మొహాలు చూసేది. చూసి, మళ్ళీ బిందె ఎత్తుకునేది.

అలా ఉండగా, స్కాట్లాండు అనే చలిదేశం నుంచి ఒక పెద్ద ఓడ వచ్చింది. ఆ ఓడలో చెక్కపని చేసే ముసలి వడ్రంగి ఒకడు ఉన్నాడు. ఆయన పేరు ఆంగస్. తెల్లటి గడ్డం, నీలం కళ్ళు, ఒంట్లో భగభగమనే జ్వరం. ఓడవాళ్ళు ఆయన్ని మోసుకొచ్చి పైడమ్మ వసారాలో మంచం మీద పడుకోబెట్టారు. తిరుగు ప్రయాణంలో వచ్చి తీసుకుపోతామని చెప్పి, సముద్రం మీద వెళ్ళిపోయారు. ఊళ్ళో అందరూ ఆయన్ని ఆంగసు తాత అన్నారు.

డాక్టరుగారు వచ్చి మందిచ్చారు. జ్వరం దిగింది. కానీ తాతకి తిండి సయించలేదు. పైడమ్మ పెసరకట్టు పెట్టింది, మూతి తుడుచుకున్నాడు. ఆ తర్వాత మిరియాల చారు పోసి మెత్తగా అన్నం కలిపింది, కళ్ళు మూసుకున్నాడు. ఆ తర్వాత కోడిపిల్లని కోసి రసం కాచింది, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నువ్వు బీరకాయ కూర చూసి తిరుగుతావే, అలా కాదు. నీది పొగరు. ఆయనది బెంగ.

డాక్టరుగారు మళ్ళీ వచ్చి నాడి చూశారు. మందు తన పని, ముద్ద మీ పని అన్నారు. ముద్ద దిగకపోతే ఈ మనిషి ఓడ వచ్చేదాకా ఉండడు అని కూడా చెప్పేశారు.

ఆ మాట నూకాలు చెవిన పడింది. వాళ్ళ అయ్య గుర్తొచ్చాడు. అయ్య కూడా ఏ రేవులోనో, ఎవరి వసారాలోనో ఇలాగే గోడ వైపు తిరిగి పడుకున్నాడేమో. ఏం తింటావని ఎవరైనా అడిగారో లేదో. అప్పుడు నూకాలు ధైర్యం చేసి అత్త ముందుకొచ్చి నిలబడింది.

"అత్తా, ఇన్ని వండి పెట్టినాం గానీ, నీకేటి కావాలని ఆ తాతని ఒక్కమాటు అడిగినామా?"

పైడమ్మ చేతిలో గరిటె కింద పెట్టింది. నిజమే, అడగలేదు.

రేవులో ఇంగ్లీషు వచ్చిన గుమాస్తా ఒకాయన ఉంటే పిలిపించారు. గుమాస్తా అడిగాడు. ముసలాయన కళ్ళు తెరిచి, స్కోను కావాలన్నాడు. అంటే ఏమిటంటే, వాళ్ళ అమ్మ పొయ్యి దగ్గర కాల్చి పెట్టే రొట్టెట. గోధుమ పిండి, వెన్న, కాస్త ఉప్పు, కాస్త తినే సోడా, బాగా పులిసిన మజ్జిగ, ఇంతేనట. వేడివేడిగా చేత్తో రెండుగా విప్పి, వెన్న రాసుకుని, తీపి పూసుకుని తింటారట. ఇంత చెప్పేసరికి తాతకి ఆయాసం వచ్చి పడుకుండిపోయాడు.

"ఓస్, రొట్టే కదా" అంది పైడమ్మ.

అప్పుడు పైడమ్మ కొంగు బిగించింది. మెత్తని పిండి జల్లించింది. మజ్జిగ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. జ్వరం పడి లేచిన మనిషికి, అందులోనూ అంత దూరం నుంచి వచ్చిన అతిథికి, పులిసిన మజ్జిగా? పశువుల కుడితిలో పోసే మజ్జిగా? నలుగురూ వింటే నవ్వరూ? అందుకని ఆ మజ్జిగ పక్కనపెట్టి, అప్పుడే పితికిన గేదెపాలు, చిక్కటివి, పోసింది. పోసి, పీట కిర్రుమనేదాకా పిసికింది. పిసికి, తడిగుడ్డ కప్పి నానబెట్టి, మళ్ళీ పిసికింది. ఆ తర్వాత బిళ్ళలు చేసి, ఊళ్ళో బన్నులు కాల్చే భట్టీకి పంపింది.

భట్టీ నుంచి వచ్చినవి రొట్టెలు కావు, తూకం రాళ్ళు. తాత ఒకటి తీసుకుని మంచం కోడుకి తట్టాడు. టకటకమంది. పాపం ఆయన మర్యాదస్థుడు, నవ్వడానికి ప్రయత్నించాడు.

పైడమ్మ ఆలోచించింది. గట్టిగా వచ్చిందంటే ఏమిటి? పిండి సరిగ్గా మర్దనా కాలేదు. ఆవిడకి తోచింది అదీ. రెండోసారి ఇంకా చిక్కటి పాలు పోసింది, ఇంకా ఎక్కువ వెన్న వేసింది, చెమట కారేదాకా ఇంకా ఎక్కువ పిసికింది. ప్రేమ తక్కువై కాదమ్మా, ప్రేమ ఎక్కువై. ఆ సారి వచ్చినవి చెప్పు అట్టల్లా ఉన్నాయి. వీధిలో కుక్కకి వేస్తే, అది వాసన చూసి, పైడమ్మ మొహం చూసి, తోక ముడుచుకుని వెళ్ళిపోయింది.

తాత ఆ రోజు నీళ్ళు కూడా సరిగ్గా తాగలేదు. పైడమ్మ అరుగు మీద కూలబడింది. అంత గట్టి మనిషికీ కళ్ళనీళ్ళు తిరిగాయి. తన అరుగు ఎక్కినవాడు మొదటిసారి ఆకలితో పోబోతున్నాడు.

అప్పుడు నూకాలు, అత్తని అడక్కుండా, వంటింట్లోకి వెళ్ళింది. పిండి పళ్ళెం, వెన్న గిన్నె, సోడా, ఉప్పు తీసింది. మూల ఉన్న పుల్ల మజ్జిగ కుండ కూడా చంకనెత్తుకుంది. అన్నీ తెచ్చి తాత మంచం పక్కన నేలమీద పెట్టుకుని కూర్చుంది. అంతవరకూ అందరూ తాతకి వండిన రొట్టె చూపించారు కానీ, ఎవరూ పిండి చూపించలేదు. అవునా, కాదా?

నూకాలు ముందు మజ్జిగ కుండ మూత తీసింది. పుల్లటి వాసన గుప్పుమంది. పైడమ్మ గుమ్మంలోంచి చూసి తల కొట్టుకుంది. తాత మాత్రం ముక్కు ఎగబీల్చి, మోచేతి మీద లేచి కూర్చున్నాడు. ఎన్నాళ్ళకో లేచాడు.

ఆ తర్వాత నూకాలు పిండిలో ఉప్పూ సోడా కలిపి, వెన్న వేసింది. తాత తన వేళ్ళ కొసలతో చూపించాడు, ఇలా, ఇలా, పొడిపొడిగా, ముగ్గు వేళ్ళలోంచి జారినట్టు. నూకాలు అలాగే చేసింది. తర్వాత మజ్జిగ పోసింది. మజ్జిగ తగలగానే సోడా బుసబుసమని పొంగింది. అప్పుడు నూకాలు పిండి నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పి, ఇంక పిసుకుదామని అరచెయ్యి ఆనించింది. వెంటనే తాత వంగి ఆ చెయ్యి పట్టుకున్నాడు. వద్దు వద్దని తల అడ్డంగా ఊపాడు. ఇంక చాలు.

నూకాలు నమ్మలేకపోయింది. ఇంతేనా? పిసకక్కర్లేదా? తాకీతాకనట్టు తాకితే చాలా? పుట్టి బుద్ధెరిగాక ఒక పిండి ముద్ద దగ్గర తన చెయ్యి సరిపోయిందని ఎవరైనా అనడం అదే మొదలు.

ఆ తర్వాత ముద్దని పీటమీద వేసి, జోకొట్టినట్టు తట్టి, మందంగా గుండ్రంగా చేసింది. తాత గాలిలో వేలితో నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీశాడు. నూకాలు చాకుతో అలాగే నాలుగు ముక్కలుగా గీసింది. ఎలా కాల్చాలి అని చేతులు తిప్పి అడిగింది. తాత ఒక అరచెయ్యి కింద పెట్టాడు, ఇంకో అరచెయ్యి పైన పెట్టాడు. కింద నిప్పు, పైన నిప్పు.

నూకాలు ఫక్కున నవ్వింది. అయ్యో, మన దిబ్బరొట్టె కాల్చినట్టే కదా. ఇంతోటి దానికి భట్టీకి పరుగెత్తడమా?

దిబ్బరొట్టె మూకుడు పొయ్యి మీద పెట్టింది. సన్నని సెగ మీద రొట్టె వేసి, మూత పెట్టి, మూత మీద నిప్పులు పోసింది. పైడమ్మ వచ్చి పక్కన కూర్చుని విసనకర్రతో విసరడం మొదలుపెట్టింది. కాసేపటికి వెన్న వాసన వంటిల్లు దాటి, వసారా దాటి, వీధిలోకి వెళ్ళింది. తోక ముడిచిన కుక్క మళ్ళీ వచ్చి గుమ్మంలో కూర్చుంది.

మూత తీస్తే ఏముంది? నాలుగు ముక్కలూ ఒకదాన్నొకటి తోసుకుంటూ రెట్టింపు పొంగి ఉన్నాయి. పైన బంగారు రంగు, పక్కలు తెల్లగా దూదిలా ఉన్నాయి. నూకాలు ఒక ముక్కమీద వెన్నముద్ద పెట్టి, తాటిబెల్లం పాకం గిన్నె పక్కన పెట్టి, తాత చేతికిచ్చింది.

తాత రొట్టెని రెండుగా విప్పాడు. పొగలు వచ్చాయి. వెన్న రాసుకున్నాడు, పాకం అద్దుకున్నాడు, నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఆ నీలం కళ్ళలోంచి నీళ్ళు జారి గడ్డంలోకి పోయాయి. అందరూ మంచం చుట్టూ మూగి చూస్తున్నారు. తాత రెండో ముక్క తీసుకున్నాడు. అది అయ్యాక మూడో ముక్కకి చెయ్యి చాచాడు. నాలుగోది పైడమ్మ లాక్కుంది, నీరసపు కడుపు ఒక్కసారే అన్ని పట్టదని. లాక్కుని, తనే తిని చూసింది.

తిని, కోడలి రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"నీది జోకొట్టే చెయ్యేనే నూకాలూ. పిండికి కూడా జోల కావాలని నాకేటి తెల్సు?"

ఆ రోజు నుంచి పొయ్యి ముందు పీట నూకాలుదే. తాత రోజూ స్కోను తిన్నాడు. ముందు కూర్చున్నాడు, ఆ తర్వాత నిలబడ్డాడు, ఆ తర్వాత రేవుదాకా నడిచి వెళ్ళి వచ్చాడు. ఓడలు దిగేవాళ్ళు అన్నం సంగతి తర్వాత, ముందు నూకాలు రొట్టె అని వరస కట్టారు. పైడమ్మ అరుగు మీద నిలబడి, మా కోడలి చెయ్యి అని ఊరంతా వినేలా చెప్పింది. ఇదివరకు దెప్పిన నోరే. నోటికేం, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది.

రోజూ పొద్దున్నే నూకాలు తాత దగ్గరికి వెళ్ళి "ఏటి కావాల, తాతా?" అని అడిగేది. వినీవినీ తాతకి ఆ ఒక్క మాటా వచ్చేసింది. మన భాషలో ఆయనకి వచ్చింది అదొక్కటే.

అప్పుడు ఓడ తిరిగొచ్చింది. ముందు రంగూన్ వెళ్ళి సరుకు ఎత్తుకుని, అటునుంచి వాళ్ళ దేశానికి పోతుందట. వెళ్ళేముందు తాత గుమాస్తాని వెంటపెట్టుకొచ్చి, నీకేం ఇవ్వమంటావు అని నూకాలుని అడిగాడు. నూకాలు చీరలడగలేదు, నగలడగలేదు.

"రంగూన్ రేవులో మా ఊరి మనిషి ఎవడైనా తిండి మానేసి పడుకుంటే, ఏటి కావాలని అడుగు తాతా. అంతే చాలు."

తాత గడ్డం ఊపాడు. మూటకట్టిన స్కోనులు గుండెకి హత్తుకుని ఓడెక్కాడు.

ఆ తర్వాత ఎండలు వచ్చి పోయాయి, వానలు వచ్చి పోయాయి. ఒకరోజు రంగూన్ ఓడ రేవులో ఆగింది. నూకాలు ఎప్పటిలాగే చూసింది. అందరూ దిగాక, కర్ర పట్టుకుని ఒక బక్కచిక్కిన మనిషి దిగాడు. దిగి, నూకాలు వంక చూశాడు. నూకాలు చేతిలో బిందె జారి దొర్లుకుంటూ నీళ్ళదాకా పోయింది. వాళ్ళ అయ్య!

ఇంటికి తీసుకొచ్చి కూర్చోబెట్టి, ఎలా బతికావయ్యా అని అడిగితే అయ్య చెప్పాడు. రంగూన్‌లో జబ్బుపడి, కూలీల పాకలో తిండి మానేసి పడుకున్నాడట. ఎవరెవరో ఏవేవో పెట్టారట, దిగలేదట. ఇంక అయిపోయింది అనుకుంటూ ఉంటే, తెల్లగడ్డం దొర ఒకడు పాకలోకి వంగి వచ్చాడట.

"నాకంటే పెద్దోడు, నన్ను పట్టుకుని 'ఏటి కావాల, తాతా?' అన్నాడే అమ్మా! చోడి అంబలి కావాలన్నాను. ఎవర్ని అడిగాడో, ఎక్కడ తెచ్చాడో, తనే కాచి తెచ్చాడు. నిండా ఉండలే కట్టినాయి. అలాంటి అంబలి నా జన్మలో తాగలేదు, ఉండలతో సహా తాగేసినాను."

చోడి అంటే రాగులే అమ్మడూ. పైడమ్మ ముక్కు చీది, వియ్యంకుడికి విస్తరి వేసింది. నూకాలు అయ్య పక్కన కూర్చుంది. కళ్ళు తుడుచుకుని, నవ్వి, తను కూడా అదే అడిగింది. ఏం అడిగిందో నువ్వు చెప్పు? ఆఁ, అదే.

కథ వెళ్ళె కంచికి, ఆకలి వెళ్ళె అడవికి,
ఓడ వచ్చె ఒడ్డుకి, అయ్య వచ్చె ఇంటికి,
వెన్న పోయె రొట్టెకి, రొట్టె పోయె బొజ్జకి,
కళ్ళు మూయి అమ్మడూ, మనం పోదాం నిద్రకి.