ఈల వేయని కణితి

సారకోన అడవిలో పెద్ద కొమ్ముల దుప్పులైన కణుతులు, జింకలు, కుందేళ్లు, నెమళ్లు కాపురముండేవి. ఎండాకాలం వస్తే అన్నిటికీ ఒకటే మడుగు. అక్కడ పెద్దలనాటి కట్టుబాటు ఒకటుండేది. నీళ్లకు దిగేవాళ్లు ఎవరైనా గట్టు మీద ఆగి, సొంత గొంతుతో ఒక కేక వేసి దిగాలి. ఆపద కనబడితే, మిత్రుడా శత్రువా అని చూడకుండా అందరికీ వినబడేలా అరవాలి. రాజైన పులి సైతం గాండ్రించి గానీ నీళ్లు ముట్టేది కాదు.

ఆ ముసలి పులి పోయాక, గుంపుగా వేటాడే రేచుకుక్కల నాయకుడు ఉగ్రదంతుడు రాజయ్యాడు. "మన అడవికి పూర్వవైభవం తెస్తాను!" అన్నాడు. వెర్రి జంతువులు సంబరపడ్డాయి. మర్నాడే చాటింపు వేయించాడు.

"ఇకమీదట ఎవరి కూతలు వారు కూయరాదు. అందరూ మాలాగే ఈల వేయాలి. ఈల రానివాడు పరాయివాడు!"

రేచుకుక్కలకు ఈల పుట్టుకతో వచ్చిన విద్య. కుందేలుకు ఎక్కడొస్తుంది? పాపం, మూతి చుట్టి ఊదీ ఊదీ అలసిపోయింది. ఆ సాయంత్రం నుంచి కుందేలు కనబడలేదు. ఏమైందని అడగడానికి ఎవరికీ గుండె చాలలేదు.

పాత ఆచారాలన్నీ తెలిసినవాడు దీర్ఘశృంగుడనే ముసలి కణితి. ఉగ్రదంతుడు అతన్ని పిలిపించాడు.

"ఈల మన పూర్వుల ఆచారమేనని రేపు సభలో నువ్వే చెప్పాలి. నీ మాటైతే నమ్ముతారు."

దీర్ఘశృంగుడికి మేత సయించలేదు. ఆకు కదిలినా ఉలిక్కిపడ్డాడు. పొరుగున ఉండే నెమలి నీలమ్మ మెల్లగా దగ్గరికొచ్చింది.

"తాతా, ఆ ఒక్క మాటా అనేసి గండం గట్టెక్కు. బతికుంటే బలుసాకు తినొచ్చు."

"నాకూ భయంగానే ఉంది తల్లీ. కానీ నేను ఊఁ అంటే, రేపు పుట్టే పిల్లలు ఈ భయాన్నే ఆచారమనుకుంటారు."

మర్నాడు మడుగు దగ్గర సభ జరిగింది. చుట్టూ రేచుకుక్కలు కాపలా నిలిచాయి. దీర్ఘశృంగుడు గట్టు ఎక్కాడు.

"ఇది మన ఆచారం కాదు," అన్నాడు. "ఆచారానికి అందరికంటే ముందు రాజు తల వంచాలి. ఉగ్రదంతా, నీ ఈల మమ్మల్ని వంచుతోంది. మరి నిన్ను వంచేది ఏది?"



"ముసలాడికి మతి పోయింది. చంపండి!" అన్నాడు ఉగ్రదంతుడు.

కుక్కలు కదిలాయి. సరిగ్గా అప్పుడే గాలి తిరిగింది. మడుగు ఒడ్డున తుంగలోంచి పులి వాసన గట్టు మీదున్న కణితి ముక్కుకే తగిలింది. ఎక్కడినుంచో వచ్చిన కొత్త పులి అక్కడ పొంచి ఉంది. దానికి అందరికంటే దగ్గర్లో ఉన్నది ఉగ్రదంతుడే. నోరు మూసుకుంటే చాలు, పీడ విరగడైపోతుంది. ఆ ఆశ దీర్ఘశృంగుడికి కలగకపోలేదు. కానీ కట్టుబాటు శత్రువుకూ వర్తిస్తుంది కదా! మెడ చాచి, కొండలు మారుమోగేలా ఖంగుమని అరిచాడు.

జింకలకు ఆ కేక అర్థం పుట్టుకతోనే తెలుసు. ఒక్క ఉదుటున చెదిరి పారిపోయాయి. వాటితో పాటే అతనూ దూకాడు.

"ఆగండి! అది తిరుగుబాటు కూత! కదిలినవాణ్ణి చీలుస్తాను!" అని ఉగ్రదంతుడు ఈల మీద ఈల వేశాడు. ఆ ఈల గొంతులో ఉండగానే పులి మీద పడింది. నాయకుడు లేని కుక్కలు తలో దిక్కూ పట్టాయి.

కొన్నాళ్లకు పులి కొండ దాటిపోయింది. జంతువులన్నీ బిక్కుబిక్కుమంటూ మడుగు చేరాయి.

"కూయి తల్లీ, ఇక భయం లేదు," అన్నాడు దీర్ఘశృంగుడు.

నీలమ్మ నోరు తెరిచింది. ప్రాణం కోసం నేర్చుకున్న ఈలే వచ్చింది. సిగ్గుతో, భయంతో అది ఏడ్చేసింది.

"మళ్లీ కూయి," అన్నాడు కణితి. "వచ్చేదాకా ఇక్కడే నిలబడతాను."

నీతి: ఏలేవాణ్ణి కట్టడి చేయలేనిది ఆచారం కాదు, భయం. భయానికి అప్పగించిన గొంతు అడగ్గానే తిరిగి రాదు.