పెంకు విడిచి పెంకు

రాజుల కాలంలో, ఇళ్ల కప్పులకు పెంకులు నేసి బతికే సింహాచలమ్మకూ ఆమె మరిది అప్పన్నకూ కలిపి ఒక్కటే ఇల్లు. గానుగ పెట్టిన అప్పన్న అడిగినవాడికల్లా నూనె అరువిచ్చి దివాలా తీశాడు. అప్పిచ్చిన షావుకారు కామయ్య దివాణంలో చెప్పించి అతని సగం వాటా జప్తు చేయించాడు. అంతటితో ఆగక ఇల్లంతా వేలం వేస్తానన్నాడు.

"మరిది వాటా ఆ పక్కన తీసుకోండి బాబూ. ఈ పక్కన మేమంతా తలదాచుకుంటాం," అని బతిమాలింది సింహాచలమ్మ.

"పంచుకోని ఇంటికి ఆ పక్కా ఈ పక్కా ఏమిటే? ఎక్కడ చూసినా సగం నీది, సగం నాది!" అని కసిరాడు కామయ్య.

వేలం నాడు మబ్బు పట్టింది. కొనేవాళ్లను వెంటబెట్టుకొచ్చిన కామయ్యకు సింహాచలమ్మ ఇంటి కప్పు మీద కనిపించింది. పెంకు విడిచి పెంకు ఊడదీసి అప్పన్నకు అందిస్తోంది.

"ఏమిటా పని?"

"నా సగం తీసుకుంటున్నా బాబూ. మీ పెంకు ఒక్కటి ముట్టుకుంటే ఒట్టు!"

చినుకులు మొదలయ్యాయి. కొనేవాళ్లు వచ్చినదారే పట్టారు.

"ఇంట్లో మీరే ఉండండి తల్లీ, బాకీ మెల్లగా తీర్చండి. ముందా కప్పు నేసెయ్!" అన్నాడు కామయ్య.

"నేస్తాను బాబూ. బాకీ తీరేదాకా సగం మీదేగా, మీ సగానికి నేసిన కూలి ఆ బాకీలోంచి కొట్టేయండి."