తడిగోడకు రంగు

పూర్వం ఒకానొక రాజ్యాన్ని విజయకేతుడనే రాజు ఏలుతుండేవాడు. మనిషి మంచివాడే. ఎవరైనా ఎదురు చెబితే మాత్రం ఒంటికాలి మీద లేచేవాడు.

తన పుట్టినరోజుకు కొత్త సభామండపం రంగులతో మెరిసిపోవాలన్నాడు. వానలింకా తెరిపివ్వలేదు. రంగులు వేసే ముసలి ఈరప్ప చేతులు జోడించాడు.

"ప్రభూ, కప్పు కారుతోంది. గోడలు చెమ్మగా ఉన్నాయి. ఆరనివ్వండి, అప్పుడేస్తే రంగు నిలుస్తుంది."

"నేను వెయ్యమన్నాక గోడ ఒప్పుకోదా? వెయ్యి!" అన్నాడు రాజు.

వేశాడు. తీరా పుట్టినరోజునాటికి రంగు పొక్కులు లేచి, పెచ్చులుగా అతిథుల నెత్తిన రాలింది. పొరుగురాజు తలపాగా దులుపుకుని ముసిముసిగా నవ్వాడు. విజయకేతుడికి తల కొట్టేసినట్లయింది. అందరి ముందూ ఈరప్పను దేశం విడిచి పొమ్మన్నాడు. ఆ ముసలివాడు కుంచెలు మూటగట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు రాజు తలంటు పోసుకుని ఇవతలికి వచ్చేసరికి, ఆస్థాన హాస్యగాడు వల్లభన్న గంధపుగిన్నెతో నిలబడి ఉన్నాడు. నీళ్ళోడుతున్న ఒంటి మీదే గంధం పులిమేశాడు. అది చారలుగా కారి పంచెనిండా అయింది.

"బుద్ధుందా నీకు? ఒళ్ళు తుడవకుండా గంధం పూస్తారా?"

"నా తప్పేముంది ప్రభూ! తప్పంతా గంధం తీసినవాడిది. వాణ్ణీ దేశం దాటించండి."

"వాడేం చేశాడయ్యా? తడి ఒంటి మీద ఏ గంధమైనా..."

రాజు తన అవతారం చూసుకుని పకపకా నవ్వాడు. వేలి ఉంగరం తీసి వల్లభన్న చేతిలో పెట్టాడు. "ఆ ముసలాయన ముందే చెప్పాడు కదయ్యా," అన్నాడు. అంతటితో నవ్వు కాస్తా పోయింది. పశ్చాత్తాపంతో అప్పటికప్పుడు గుర్రాల మీద మనుషుల్ని పంపాడు.

వాళ్ళు వట్టి చేతులతో తిరిగొచ్చారు. పొరుగురాజు ఈరప్పను దారిలోనే పనికి కుదుర్చుకున్నాడట.

"మాటిచ్చేశాను, రాలేనన్నాడు ప్రభూ. ముందు కప్పు బాగుచేయించమన్నాడు. పొక్కిన రంగంతా గీకించి, గోడ బాగా ఆరాకే కొత్తది వేయించమన్నాడు."

రాజు అన్నీ అలాగే చేయించాడు. రంగు చెక్కుచెదరలేదు.

చూడవచ్చిన వాళ్ళు, "ఎవరండీ ఆ పనివాడు?" అని అడిగేవారు.

"వేసినవాళ్ళు మావాళ్ళే. ఎలా వేయాలో చెప్పినవాణ్ణి మాత్రం నేనే వెళ్ళగొట్టుకున్నాను," అనేవాడు రాజు.