సూరమ్మ దిబ్బరొట్టె

"గురువుగారూ, మీరు నా దగ్గర ఏదో దాస్తున్నారు. అదేమిటో చెప్పండి" అని శేషాచలం ఒకనాటి పొద్దున్న అడిగేశాడు. చిదంబరయ్యగారు అప్పుడు అరుగు మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నారు. నోట్లో వేపపుల్ల ఉండగా వేదాంతం అడిగే శిష్యుడు ఆయనకు ఇతనొక్కడే. శేషాచలం మంచివాడు, శ్రద్ధ గలవాడు. గుడివాడలో బట్టల కొట్టు తమ్ముడికి అప్పగించి, కాలవ పక్కనున్న ఆ చిన్న ఊళ్ళో ఒక గది తీసుకుని, గురువుగారి పెంకుటింటికి రోజూ వచ్చేవాడు. వచ్చిన చిక్కల్లా ఆ శ్రద్ధతోనే. పాఠం అయి ఇంటికి వెళ్ళినట్టే వెళ్ళి, "ఇప్పుడు మనసు కాస్త నిలిచిందండీ" అని చెప్పడానికి తిరిగి వచ్చేవాడు. మధ్యాహ్నం వచ్చి, "పొద్దున నిలిచింది గాని భోజనం తరువాత చెదిరిందండీ" అనేవాడు. ఎందుకు చెదిరిందో అడగడానికి సాయంత్రం ఎలాగూ వచ్చేవాడు. గురువుగారు కునుకు తీస్తూ పక్కకు తిరిగితే అందులో అంతరార్థం ఏమిటని అడిగే రకం అని తోటి శిష్యులు నవ్వుకునేవారు.

కానీ ఆ పొద్దున్న అతను అడిగిన తీరులో నవ్వడానికేమీ లేదు. "నేను విన్న పాఠమే కోటిలింగమూ విన్నాడు. వాడు వారంలో సగం రోజులు రాడు, వచ్చిన రోజు కునికిపాట్లు పడతాడు. అయినా వాడి ముఖంలో ఏదో నెమ్మది కనిపిస్తోంది. నేను ఒక్క పాఠం వదల్లేదు, ఒక్క మాట మరిచిపోలేదు. నాకెందుకు రాలేదు? వాడికి విడిగా ఏదో చెప్పి ఉంటారు" అన్నాడు. ఇంకొన్నాళ్ళు చూసి, ఏమీ లేదని తేలితే కొట్టుకే తిరిగి వెళ్ళిపోదామని అతను లోలోపల అనుకుంటున్నాడు. ఆ సంగతి గురువుగారికీ తెలుసు.

చిదంబరయ్యగారు నోరు పుక్కిలించి జవాబు చెప్పబోయేలోగా, పక్క వీధి పేరయ్య కంగారుగా వచ్చాడు. "పంతులుగారూ, మీరొకసారి మా ఇంటికి రావాలి. మా అక్క బండి కట్టించమంటోంది. జన్మలో మళ్ళీ మా గడప తొక్కనంటోంది. అమ్మ ఒకటే ఏడుపు" అన్నాడు. గొడవ దేనిగురించని అడిగితే అతను కాస్త సిగ్గుపడి, "దిబ్బరొట్టె గురించండీ" అన్నాడు. గురువుగారి ముఖం ఒక్కసారిగా వెలిగింది. "దిబ్బరొట్టె గురించా! పద పద" అంటూ లేచారు. "మరి నా ప్రశ్నో?" అన్నాడు శేషాచలం. "దాన్నీ వెంట తెచ్చుకో" అన్నారాయన.

పేరయ్య తల్లి సూరమ్మ చేసే దిబ్బరొట్టెకు ఆ చుట్టుపక్కల మంచి పేరు. మినప్పిండిలో బియ్యపురవ్వ కలిపి, ఇనప మూకుట్లో నూనె కాగాక బెత్తెడు మందాన పోసి, బరువైన మూత పెట్టి, బొగ్గుల కుంపటి మీద కాలుస్తారు. అందులో ఎవరికీ తెలియనిది ఏమీ లేదు. అడుగు ఎర్రగా వేగి కరకరలాడాలి, లోపల దూదిలా ఉండాలి. సూరమ్మ కోడలు వరాలు చేసినా అలాగే వచ్చేది. కూతురు భ్రమరాంబ చేస్తే మాత్రం అడుగు మాడేది, నడుమ పచ్చిపిండి మిగిలేది. కాపురానికి వెళ్ళి ఇన్నేళ్ళయినా అదే వరస. మొన్న ఆమె కూతురి నిశ్చితార్థానికి వచ్చిన వియ్యాలవారు పుట్టింటి రొట్టె రుచి చూపించమన్నారు. పాపం, ఎంతో జాగ్రత్తగా చేసింది. కోసేసరికి చాకుకు పిండి అంటుకు వచ్చింది. వియ్యపురాలు ఊరుకుందా? "మీ అమ్మగారు పనితనమంతా కోడలికే అట్టేపెట్టుకున్నారు కాబోలు" అంది. నవ్వుతూ అన్న మాటే గాని అలాంటి మాటలు నవ్వుతూ అంటేనే ఎక్కువ నొప్పి పెడతాయి. భ్రమరాంబ నిన్న తెల్లారేసరికి బండి కట్టించుకుని తల్లిని నిలదీయడానికి వచ్చేసింది.

గురువుగారు వెళ్ళేసరికి ఆమె పెట్టె సర్ది గుమ్మంలో పెట్టుకుని ఉంది. "మీరే చెప్పండి పంతులుగారూ! కన్నకూతుర్ని. ఎన్నిసార్లు అడిగాను! పప్పెంత, రవ్వెంత, నూనె ఎంత, అన్నీ చెప్పింది. చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేశాను. అసలైనదొకటి కడుపులో పెట్టుకుని, నిన్నగాక మొన్న వచ్చిన కోడలికి చెప్పుకుంది. రొట్టె పోతే పోయింది, నాకేం అక్కర్లేదు. నేనంటే ఈవిడకి ఏమీ లేదని తెలిసిపోయింది, అది చాలు" అంది. సూరమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, "దీపం ముందు ప్రమాణం చేస్తానే. దాచడానికి నా దగ్గర ఏవుందే, పిచ్చి మొహవా! అడిగినవన్నీ చెప్పాను, అడగనివీ చెప్పాను" అంది. కోడలు వరాలు తలుపు పక్కన నిలబడి ఎటూ మాట్లాడలేక బిక్కచచ్చి చూస్తోంది. తప్పు ఎవరిదని తేలినా చివరికి మాట పడేది తనేనని ఆమెకు తెలుసు.

గురువుగారు శేషాచలం వైపు వంగి, "ఇద్దరూ నిజమే చెబుతున్నారయ్యా" అన్నారు. అదెలా కుదురుతుందని అతను అడగకముందే సూరమ్మ వైపు తిరిగి, "పిండి ఉందా సూరమ్మా?" అన్నారు. అమ్మాయి వచ్చిందని రాత్రే పప్పు నానబోసి, పొద్దున్నే దండిగా రుబ్బి ఉంచానందామె. "అయితే ఇప్పుడే మా అందరి ముందూ చెయ్యి. అమ్మాయ్, నువ్వు పక్కన కూర్చో. ఏం దాస్తుందో పట్టుకో" అన్నారు.

పెరటి వసారాలో కుంపటి రాజేశారు. గురువుగారూ శేషాచలమూ ఎదురుగా పీటల మీద కూర్చున్నారు. పేరయ్య స్తంభానికి ఆనుకున్నాడు. భ్రమరాంబ దొంగను కాపలా కాసినట్టు తల్లి చేతుల వైపే చూస్తూ కూర్చుంది. సూరమ్మ నూనె కాచి, పిండి పోసి, మూత పెట్టింది. ఆ తరువాత చెయ్యడానికి పనేమీ లేదు. అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయి. ఊరికే కూర్చుంటే ఏదో దాచినట్టు ఉంటుందనిపించి, విసనకర్ర తీసుకుని బొగ్గులు విసిరింది. కాసేపాగి మూత తీసి చూసింది, మళ్ళీ పెట్టింది. "ఎలా ఉందమ్మా?" అంది భ్రమరాంబ. కూతురు అడిగింది కదా అని మళ్ళీ మూత తీసి చూపించింది. శేషాచలం కూడా ఉండబట్టలేక మెడ చాచాడు. సూరమ్మ ఇంకాస్త విసిరింది. నిప్పు కణకణలాడింది. ఇంతలో మాడు వాసన గుప్పుమంది.

రొట్టె దింపి తిరగేస్తే అడుగు నల్లగా బొగ్గులా ఉంది. నడుమ వేలు పెడితే పిండి అంటింది. కొత్త కాపురంలో తప్పిస్తే తన చేతిలో రొట్టె చెడడం సూరమ్మ ఎరగదు. భ్రమరాంబ ఒక్క ఉదుటున లేచింది. "చూశారా! నాకు తెలిసిపోతుందని కావాలనే చెడగొట్టుకుంది. పిండి నేలపాలు చేస్తుంది గాని నాకు మాత్రం చెప్పదు. తమ్ముడూ, బండి కట్టించు" అంటూ పెట్టె అందుకుంది. "కాదే, నా ఒట్టే, ఎందుకిలా అయిందో నాకే తెలీదే" అని సూరమ్మ వెనక పడింది. పేరయ్య గురువుగారి వైపు బేలగా చూశాడు. ఆయన మాత్రం మాడిన రొట్టెను అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చున్నారు. ఎక్కడా కోపంగానీ తొందరగానీ లేదు. "వరాలమ్మా, రోజూ ఉండేదేదో ఇవాళ లేదు. ఏమిటది?" అని అడిగారు.

ఆ పిల్లను ఆ గొడవలో ఒక మాట అడిగినవారు అప్పటిదాకా లేరు. ఆమె అత్తగారి వైపు భయంగా చూసి, "ఏవీ లేదండీ... అత్తయ్య ఇవాళ గోడ దగ్గరికి వెళ్ళలేదు" అంది.

"గోడేవిటి?" అంది భ్రమరాంబ, గుమ్మంలోనే ఆగి. వరాలు నెమ్మదిగా చెప్పుకొచ్చింది. పెరటి చివర పొట్టి గోడ ఉంది. దానికి అవతల తాయారమ్మగారి ఇల్లు. అత్తయ్య రొట్టె మీద మూత పెట్టగానే తాయారమ్మగారితో కబుర్లకు వెళ్తుంది. కుంపటి వైపు చూసేవాళ్ళే ఉండరు. విసిరేవాళ్ళు లేక బొగ్గుల మీద నివురు కమ్ముతుంది, సెగ దానంతటదే తగ్గుతుంది. రొట్టె వాసన గోడ దాకా వచ్చాక అత్తయ్య వచ్చి దింపుతుంది. "నాకూ ఎవరూ నేర్పలేదు వదినా. మూత పెట్టి నేను నీళ్ళకి వెళ్తాను. వచ్చేసరికి అవుతుంది" అంది. సూరమ్మ నోరు తెరుచుకుని వింటోంది. "అది వంటా ఏవిటే? కబుర్లకి వెళ్ళడం కూడా ఎవరైనా చెబుతారా!" అంది. భ్రమరాంబకు చిన్నప్పుడు గోడ దగ్గరికి వెళ్ళబోతే, పెద్దవాళ్ళ మాటలు నీకెందుకని తల్లి లోపలికి తరిమిన సంగతి మాత్రం గుర్తుంది.

"పిండి మిగిలిందిగా" అన్నారు గురువుగారు. సూరమ్మ మరో రొట్టె పోసి మూత పెట్టింది. ఈసారి లేచి, కూతురి మణికట్టు పట్టుకుని గోడ దగ్గరికి లాక్కుపోయింది. భ్రమరాంబ సగం దారిలోనే వెనక్కు తిరిగి, "మాడిపోతుందేమో, ఒక్కసారి చూసొస్తానే" అంది. సూరమ్మ పట్టు వదల్లేదు. గోడ అవతలి నుంచి తాయారమ్మ తల ఎత్తి చూసి, "భ్రమరమా! ఎన్నాళ్ళకే! పిల్ల నిశ్చితార్థం బాగా జరిగిందటగా. మీ మావగారి ఉబ్బసం తగ్గిందా? నీ నడుం నొప్పి ఎలా ఉంది?" అంటూ ఒక్క గుక్కలో అడిగింది. భ్రమరాంబ తెల్లబోయింది. "నీకివన్నీ ఎలా తెలుసు పిన్నీ?" అంది. "ఎలా తెలియడవేవిటి? మీ అమ్మ ఈ గోడ దగ్గరికి వస్తే నీ కబుర్లు తప్ప వేరే ఉండవు. నువ్వు కాపురానికి వెళ్ళిన రోజు మొదలు ఇంతే. నీ పురుడు కష్టమైనప్పుడు ఇక్కడే నిలబడి ఎంత ఏడ్చిందో! రొట్టె వాసన వచ్చిందాకా నీ గురించే. వాసన రాగానే కళ్ళు తుడుచుకుని పోతుంది" అంది తాయారమ్మ. భ్రమరాంబ తల్లి ముఖంలోకి చూసింది. సూరమ్మ గోడ మీది పెచ్చులు గోటితో గీకుతూ, "దానికి మాత్రం ఏం తెలుసులే, ఊరికే అంటుంది" అంది. భ్రమరాంబ దగ్గరికి జరిగింది. తల్లి భుజం మీద తల పెట్టి, పెద్ద పిల్లకు పెళ్ళి చేయబోతున్న మనిషినన్న సంగతి మరిచిపోయి, వెక్కి వెక్కి ఏడ్చింది. రొట్టె సంగతి ఆమెకు గుర్తే లేదు. కమ్మని వాసన వచ్చింది కూడా సూరమ్మకే తెలిసింది.

ఆ రొట్టె ఎలా వచ్చిందో చెప్పనక్కర్లేదు. చెరకు పానకంతో అందరూ తిన్నారు. గురువుగారు రెండోసారి అడిగి మరీ వేయించుకున్నారు. పేరయ్య వెళ్ళి ఎద్దులకు గడ్డి వేశాడు. వరాలుకు భ్రమరాంబ తన చేత్తో పెద్ద ముక్క కోసి పెట్టింది. ఈ కథ చెబుతున్న నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

తిరిగి వచ్చేటప్పుడు శేషాచలం దారి పొడుగునా ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అతని విషయంలో అది వింతే. ఇంటికి రాగానే గురువుగారు లోపలికి వెళ్ళి, దండెం మీది పంచెలు తీసి సంచిలో సర్దుకోసాగారు. ఎక్కడికని అడిగాడు శేషాచలం. తన చెల్లెలి ఊరు వెళ్తున్నానన్నారాయన. ఎప్పుడొస్తారంటే చెప్పలేనన్నారు. మరి పాఠం మాటేమిటంటే, విన్నది చాలానే ఉందిగా, కాస్త మూత పెట్టి ఉంచమన్నారు. శేషాచలం కాసేపు గుమ్మంలో తచ్చాడి, "నేను కూడా రానా గురువుగారూ? దారిలో అడగాల్సినవి కొన్ని ఉన్నాయి" అన్నాడు.

చిదంబరయ్యగారు సంచి భుజాన వేసుకుంటూ అతని వైపు ప్రేమగా చూశారు. "నువ్వూ వస్తే, ఇక నేను వెళ్ళడం దేనికయ్యా?" అన్నారు.