రాజుగారి కొత్త చేవ్రాలు

ఒకానొక రాజ్యంలో యంత్రాలంటే పడిచచ్చే రాజుగారు ఒకాయన ఉండేవాడు. పేరు రణమల్లదేవుడు. నీళ్లు తోడే యంత్రం, గంటలు కొట్టే యంత్రం, తలుపులు తీసే యంత్రం, కోట నిండా అవే. ఏ యంత్రం ఎలా ఉండాలో తాటాకుల మీద వర్ణించి వడ్రంగులకు పంపడం యంత్రశాల వారి పని.

ఆ పనికి తాతలనాటి రాత ఒకటుంది. అందులో ప్రతి మేకునూ, ప్రతి మీటనూ విడివిడిగా రాయాలి. ఒక్క నీటి గడియారానికే నలభై ఆకులు పట్టేవి. అలా ఉండగా మాదాంబ అనే విదుషి కొత్త రాత ఒకటి కనిపెట్టింది. యంత్రం ఏం చేయాలో చెబితే చాలు, నాలుగు ఆకుల్లో తెమిలిపోతుంది. దాన్నిబట్టి మేకుల లెక్క వడ్రంగులే కట్టుకునేలా సూత్రాలు వేరే రాసిపెట్టింది.

రాజుగారు పొంగిపోయాడు. పొంగిపోతే ఊరుకుంటాడా! "నెల తిరిగేలోగా అందరూ కొత్త రాతే రాయాలి. రాయనివాడు గంటం అప్పగించి ఇంటికి పోవాలి" అని చాటింపు వేయించాడు.

కుర్రవాళ్లు నేర్చుకున్నారు. యంత్రశాల పెద్ద మల్లోజాచారి మాత్రం "నాకొద్దు" అని భీష్మించాడు. నెల దాటింది. "రేపు సభలో అతని తొలగింపు ఆజ్ఞ మీద చేవ్రాలు చేస్తాను" అన్నాడు రాజు.

ఆస్థానంలో దుగ్గన అని ఒక హాస్యగాడు ఉన్నాడు. నోరు పదునే గానీ మనసు వెన్న. ఆ సాయంత్రం యంత్రశాలకు వెళ్లేసరికి, ఆచారి ఒక్కడే కూర్చుని మాదాంబ రాసిన ఆకు చూస్తున్నాడు.

"చదవనన్నారుగా ఆచారిగారూ?"

"చదవకేం నాయనా! తప్పు కూడా దొరికింది. పై వరసలో తూము తెరవమంది, కింది వరసలో మూయమంది. ఒకదాని తర్వాత ఒకటి జరుగుతాయనుకుంది పాపం. ఆకు మీదైతే వరసలుంటాయి, నీళ్లకు వరసలేం తెలుసు? రెండూ ఒక్కసారే కదులుతాయి. మీట విరుగుతుంది."

"ఇంత తెలిసినవారు రాయడానికేం?"

ఆచారి ఆకు పక్కన పెట్టాడు. "రాయబోతే చేయి పాత రాతలోకే పోతోంది దుగ్గనా. పది మాటల్లో ఆరు తప్పులు. నేను గంటం పట్టించినవాళ్లంతా చుట్టూ కూర్చుని చూస్తుంటారు. వాళ్ల ముందు ఓనమాలు దిద్దమంటావా?" అని కళ్లు తుడుచుకున్నాడు.

దుగ్గన మనసు కలుక్కుమంది. ఆ ఆకు అడిగి తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు నిండు సభలో రాజుగారు గంటం అందుకున్నాడు.

"ప్రభూ, తమ చేవ్రాలు బిరుదులన్నీ కలిపి ఆకు చివరిదాకా పాకుతుంది" అన్నాడు దుగ్గన. "రోజుకు వంద ఆజ్ఞలాయె! పొట్టి చేవ్రాలు ఒకటి కల్పించాను. ఒక వంపు, మీద అడ్డగీత, పక్కన చుక్క. అంతే."

"భలే! ఇటు తే" అన్నాడు రాజు.

గంటం పెట్టగానే చేయి తనంతట తాను పాత బిరుదుల్లోకి పోయింది. రెండో ఆకు మీద వంపు కుదిరింది గానీ, దాని తోకకు అలవాటుగా తామరపువ్వు పూసింది. మూడో ఆకు చిరిగింది. సభలో వెనక వరసల వారికి ఒక్కసారిగా దగ్గు పట్టుకుంది.

రాజుగారి ముఖం కందగడ్డ అయింది. "ఇంతమంది గుడ్లప్పగించి చూస్తుంటే చేయి ఎలా తిరుగుతుంది? ఎవరూ లేనిచోట నాలుగు రోజులు దిద్దుకుని రాస్తాను!"

"మల్లోజాచారిగారికీ అదే కావాలి ప్రభూ. తమరు ప్రభువులు గనుక అడగగలిగారు. ఆయనకు నోరు రాలేదు."

దుగ్గన ముందురోజు ఆచారి దగ్గర తీసుకున్న ఆకును సభలోనే ఉన్న మాదాంబ చేతికిచ్చి, ఆచారి పట్టిన తప్పు చెప్పాడు. ఆమె రెండుసార్లు చదువుకుని తలెత్తింది. "నిజమే ప్రభూ. కట్టి ఉంటే మొదటిరోజే విరిగేది. ఆయన లేకపోతే నా రాత ఎందుకూ పనికిరాదు."

రాజు కాసేపు గంటం వంక చూశాడు. తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు. తొలగింపు ఆజ్ఞ రెండు ముక్కలు చేసి, "ఏం కావాలో కోరుకో దుగ్గనా!" అన్నాడు.

"యంత్రశాలలో ఒక చిన్న గది ప్రభూ. లోపలివైపు గడియ ఉండాలి."

గదీ వచ్చింది, దానితోపాటు దుగ్గన మెడలోకి ముత్యాల హారమూ వచ్చింది. రోజూ ఆ గదిలో మాదాంబ అక్షరాలు చెప్పేది, ఆచారి ఆమెకు నీళ్ల నడత చెప్పేవాడు.

ఒక మధ్యాహ్నం దుగ్గన అటుగా వెళుతుంటే, ఎవరో ఆ తలుపు మెల్లగా తడుతున్నారు.

"ఎవరది? పాఠం జరుగుతోంది" అంది లోపలినుంచి ఆచారి గొంతు.

"నేనేనయ్యా" అన్నాడు రణమల్లదేవుడు, చంకలో తాటాకులు సర్దుకుంటూ. "చుక్క ఏ పక్క పెట్టాలో మళ్లీ మర్చిపోయాను. నాకూ కాస్త చోటివ్వు."

తలుపు తెరుచుకుంది. రాజుగారు లోపలికి వెళ్లగానే గడియ పడింది. దుగ్గన అడుగుల చప్పుడు కాకుండా అక్కణ్నుంచి వెళ్లిపోయాడు.