తలారి పైడయ్య, తమలపాకుల సంచి

అనగనగా, తెరచాప ఓడలు తిరిగే రోజుల్లో, సముద్రపు ఒడ్డున సుగంధిపురం అనే రేవు పట్నం ఉండేది. ఆ పట్నానికి రాజు ఉదయవర్మ. అక్కడి అంగడి వీధికి తలారి పైడయ్య. తలారి అంటే కాపలావాడన్నమాట.

పైడయ్య చేతిలో ఉండేది ఒక్క వెదురు కర్ర. దాంతో కుక్కల్ని అదిలించడమే గాని మనిషిని కొట్టింది లేదు. ఎక్కడ గొడవైనా మధ్యలోకి దూరి, ఇద్దరి భుజాల మీదా చెరో చెయ్యి వేసి, "ఏటి మావా, పొద్దున్నే ఈ రభసేటి?" అనేవాడు. కోపాలు అక్కడికక్కడే చల్లారిపోయేవి. రోజూ మధ్యాహ్నం నూనె అమ్మే సింహాచలం తన నడుము దగ్గర రొంటిన దోపుకున్న తమలపాకుల సంచి తీసి, "నోరు పండించుకో బావా" అని అందించేవాడు. ఇద్దరూ చిన్ననాటి నేస్తాలు.

ఇలా ఉండగా ఒకసారి కొండ దారిన దొంగలు దిగి పట్నాన్ని దోచుకుపోయారు. రాజు బెంబేలెత్తిపోయి దండోరా వేయించాడు. "ఎవరి ప్రాణం వారే కాపాడుకోండి. ప్రతివారూ తుపాకి వెంట ఉంచుకోవచ్చు" అని. ఓడల్లో జానెడేసి తుపాకులు దిగాయి. నెల తిరక్కుండా, ఊళ్లో ప్రతివాడికీ ఆకుల సంచి ఉండే రొంటిలోకే తుపాకి వచ్చి చేరింది. పైన కనబడకుండా కండువా. తలారికి కూడా ఒకటి ఇచ్చారు. చిత్రమేమిటంటే, పిల్లలూ, ఊరందరికీ ధైర్యం వచ్చింది, ఒక్క పైడయ్యకే ఉన్నది కాస్తా పోయింది.

మొదట ఇద్దరు జాలర్లు వల కోసం తగవు పడ్డారు. పైడయ్య పది అడుగుల దూరంలోనే ఆగిపోయాడు. భుజాల మీద చెయ్యి వేద్దామంటే, కండువాల కింద ఏముందోనని భయమేసింది. తుపాకి ఎక్కుపెట్టి, "చేతులు పైకెత్తండి" అని అరిచాడు. వాళ్లు తెల్లబోయారు.

"మమ్మల్నేనా, పైడయ్యా?" అన్నాడు వాళ్లలో పెద్దాయన.

పైడయ్యకి సిగ్గేసింది. అయినా తుపాకి దించలేదు.

రెండోసారి బట్టల కొట్టు ముందు ఇద్దరు మనుషులు తుపాకులు ఎదురెదురుగా పట్టుకు నిలబడ్డారు. ఇద్దరూ పైడయ్యకి కొత్తవాళ్లే. "వీడే దొంగ" అని ఇద్దరూ అరుస్తున్నారు. ఒకప్పుడైతే ఆయుధం పట్టినవాడే దొంగ. ఇప్పుడెలా చెప్పడం? పైడయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చివరికి జుట్టు చెదిరి, కళ్లెర్రగా ఉన్నవాణ్ణి కట్టేశాడు. పాపం, పొరుగూరి నుంచి వచ్చి ముందురోజే ఆ కొట్టు తెరిచినాయన అతనే. నింపాదిగా నవ్వుతున్నవాడు బట్టల మూటతో చక్కా పోయాడు.

ఆనాటి నుంచి పైడయ్య మనుషుల ముఖాలు చూడటం మానేశాడు. నడుములే చూసేవాడు. పలకరించిన వాళ్లకి బదులు కూడా చెప్పేవాడు కాదు.

మూడోసారి మిట్టమధ్యాహ్నం. "గానుగ సందులో తుపాకి పేలింది" అంటూ జనం పరుగెత్తుకొచ్చారు. పైడయ్య సందులోకి వెళ్లాడు. ఒక మనిషి అటు తిరిగి నిలబడి ఉన్నాడు.

"ఎవరది? ఇటు తిరుగు."

ఆ మనిషి తిరుగుతూనే రొంటిన చెయ్యి పెట్టాడు. పైడయ్య వేలు బిగుసుకుంది. తుపాకి పేలింది.

పడినవాడు సింహాచలం. కుడిచెయ్యి నెత్తురు మయం. దుమ్ములో తమలపాకులు చెల్లాచెదురుగా పడ్డాయి.

"ఆకు ఇద్దామని, బావా" అన్నాడు సింహాచలం. ఆ తర్వాత స్పృహ తప్పాడు.

జనం విన్న చప్పుడు తుపాకిది కాదు. గానుగ దుంగ విరిగిన చప్పుడు.

సంగతి రాజసభకు వెళ్లింది. వాకిట్లో అందరూ తుపాకులు ద్వారపాలకుడికి అప్పగించి లోపలికి నడిచారు. కట్టుతో సింహాచలం, తలవంచుకుని పైడయ్య.

"తలారిని చెరసాలలో వెయ్యాలి" అన్నాడు ఒక మంత్రి. "తలారికి ఇంకా పెద్ద తుపాకి ఇవ్వాలి" అన్నాడు రెండో మంత్రి. "నూనె వర్తకుడు రొంటిన చెయ్యి పెట్టడమే తప్పు" అన్నాడు మూడో మంత్రి. ముగ్గురి మాటలూ నిజంలాగే ఉన్నాయి. రాజు పైడయ్య వైపు తిరిగాడు.

"నువ్వేమంటావు పైడయ్యా?"

"తప్పు నాదే మహారాజా, ఏ శిక్షయినా వెయ్యండి. కాని రేపు నా చోట ఎవరు నిలబడినా ఇదే చేస్తాడేమోనని భయంగా ఉంది. ఒక్క మాట అడగనా? మా తుపాకులు వాకిట్లోనే ఎందుకు పెట్టించారు?"

"అవి ఉంటే నా కళ్లు మీ చేతుల మీదే ఉంటాయి. మీ మాట నా చెవికెక్కదు" అన్నాడు రాజు.

"నాకూ అంతే మహారాజా. నా వీధే నాకు సభ."

 రాజు సింహాచలం చేతి కట్టు వైపు చూశాడు.

"కొండ దారిని కాయవలసినవాణ్ణి నేను. ఆ బరువు మీ నడుములకి కట్టాను" అన్నాడు. ఆనాడే కొండ దారిన సైన్యాన్ని నిలిపాడు. పట్నంలో తుపాకులన్నీ కోట ఆయుధశాలకి చేరాలని దండోరా వేయించాడు. అందరికన్నా ముందు తన తుపాకి అప్పగించినవాడు పైడయ్యే.

కొందరు గొణిగారు, కొందరు ఆలస్యం చేశారు. పైడయ్య కళ్లు కూడా వెంటనే మారలేదు, చాలా రోజులు జనం నడుముల వైపే పోయేవి.

ఒక మధ్యాహ్నం సింహాచలం వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. కుడిచెయ్యి ఇక లేవదు. ఎడమచెయ్యి రొంటిన పెట్టాడు. పైడయ్య చూపు ఆ చేతి మీదే ఆగింది. బలవంతాన చూపు పైకెత్తాడు. నేస్తం ముఖం కనబడింది. ఎన్నాళ్లకో కనబడింది.

"నోరు పండించుకో బావా" అన్నాడు సింహాచలం. పైడయ్య ఏడుస్తూనే ఆకు అందుకున్నాడు.

నీతి: ఊరందరూ ఆయుధం దాచుకుని తిరిగే చోట, కాపలావాడి కంటికి నేస్తమూ దొంగా ఒక్కలాగే కనబడతారు.